మాటలు అలుక్కుపోని టీవీ

ఇంటి నుంచి,
సోమవారం, పాప నిద్రపోయిన వేళ

యాంటెన్నా అన్నయ్యకి,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. నీ షాపుకి ఫోన్ చేస్తే "ఒక్క నిమిషం" అని రిసీవరు బల్ల మీద పెట్టి మర్చిపోతావు. నేను ఇక్కడ ఎవరిదో రిపేరుకొచ్చిన టీవీలో సబ్బుల ప్రకటనలు వింటూ నిలబడాలి. పైగా మా ఫోన్ హాల్లో ఉంది, పక్కనే అత్తగారి కుర్చీ. ఇది ఆవిడ గురించి కాబట్టి ఆవిడ చెవిన పడితే బాగుండదు.

మా టీవీ చివరి రోజుల్లో ఉంది. అందులో మనుషులందరికీ కామెర్లు వచ్చాయి. నెత్తిన రెండు దెబ్బలేస్తే కాసేపు కోలుకుంటున్నారు. చిన్నప్పుడు నువ్వు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా? వచ్చిందా?" అని అరుస్తుంటే, బొమ్మ వచ్చినా రాలేదని చెప్పి నిన్ను ఎండలో మాడ్చేదాన్ని. ఆ ఉసురు తగిలిందనుకుంటా.

వచ్చే నెలాఖరుతో నా సెలవు అయిపోతుంది. మళ్లీ రైల్వే స్టేషన్, మళ్లీ మైకు. పాప పొద్దుట నుంచి సాయంత్రం దాకా అత్తగారి దగ్గరే ఉండాలి. ఆవిడ ఉన్నారన్న ధైర్యంతోనే ఉద్యోగం మాట ఎత్తగలిగాను, లేకపోతే నా మైకు ఈపాటికి ఇంకెవరి చేతిలోనో ఉండేది. అందుకని ఆవిడకి తోడుగా మంచి టీవీ కొనాలని నా కోరిక.

అన్నయ్యా, ఆవిడ ఓర్పు గురించి నీకు చెప్పాలి. పాప పడుకుంటే టీవీ సౌండు మొత్తం తీసేసి చూస్తారు! గంటలకి గంటలు, కిక్కురుమనకుండా. నేనైతే ఐదు నిమిషాలు కూడా కూర్చోలేను. ఈ మధ్య మాత్రం "దీంట్లో మాటలు అలుక్కుపోతున్నాయే" అని గొణుగుతున్నారు. స్పీకరు చెడిందేమోనని మీ బావ వెనక మూత విప్పి మళ్లీ బిగించారు. ఒక స్క్రూ మిగిలింది.

హాలు సంగతి కూడా రాస్తున్నాను. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ నేరుగా టీవీ మీద పడుతుంది. అత్తగారి కుర్చీ ఉయ్యాల పక్కన, ఓ మూలగా ఉంటుంది. ఆవిడ ఏటవాలుగా చూడాలి. ఏ టీవీ కొనమంటావో చెప్పు. వదినకి నా ప్రేమ.

నీ చెల్లి


షాపు వెనక గది నుంచి,
చుట్టూ విప్పిన టీవీలు, మధ్యలో నేనూ నా క్యారేజీ

మైకు మహారాణికి,

రైలు ఆలస్యమైతే ఊరందరికీ క్షమాపణ చెప్పే నోరు, ఎండలో మాడిన అన్నకి మాత్రం ఒక్కటీ చెప్పదన్నమాట. సరే, కానీ.

పాత ట్యూబు టీవీకి ఇక దండం పెట్టెయ్. నమ్మకమైన సరుకే గానీ, పక్కకి జరపాలంటే ఇద్దరు మనుషులూ ఒక నడుం నొప్పీ కావాలి. ఇప్పుడు బజార్లో రెండు రకాలు నడుస్తున్నాయి. ఒకటి ఎల్‌సీడీ. దాంట్లో తెర వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న తెర కావలసినంత వెలుగుని బయటికి వదులుతుంది. అందుకే పట్టపగలు కూడా బొమ్మ ధగధగలాడుతుంది. కరెంటు తక్కువ, గోడకి తగిలించడం తేలిక. జబ్బులూ ఉన్నాయి దానికి. పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఏదైనా చకచకా కదిలితే వెనకాల నీడ తోకలా మిగిలిపోతుంది.

రెండోది ప్లాస్మా. దాంట్లో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, ఆరమంటే ఆరుతుంది. నలుపంటే నలుపే. ఏ మూల కూర్చున్నా ఒకేలా కనిపిస్తుంది, ఎంత వేగంగా కదిలినా బొమ్మ చెదరదు. నిజం చెప్పాలంటే నాకు దాన్ని చూస్తే మనసు ఆగదు. కానీ కిటికీ మొత్తం దాని అద్దంలో కనబడుతుంది, వేడెక్కుతుంది, కరెంటు కడుపారా తాగుతుంది.

ఇక హెచ్‌డీ అంటావా, పాత టీవీ ఐదారువందల గీతల్లో గీసే బొమ్మని ఇది వెయ్యికి పైగా గీతల్లో గీస్తుంది. వార్తలు చదివే అమ్మాయి పంటి మీద మచ్చ కూడా దాగదు. అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. హెచ్‌డీ బాక్సు కూడా పెట్టించుకోవాలి. లేకపోతే పాత బొమ్మనే పెద్ద తెర మీద సాగదీసుకుని చూస్తారు.

మీ ఎండ హాలుకి నా ఓటు ఎల్‌సీడీకే. మీ ఊళ్లో నా స్నేహితుడి షోరూము ఉంది, అత్తయ్యగారిని ఒకసారి తీసుకెళ్లు. ఆ ధగధగలకి మాత్రం మోసపోకండి. ఫోటో స్టూడియోలో పౌడరు కొట్టినట్టు అక్కడ వెలుగు పెంచి పెడతారు. మాటలు అలుక్కుపోవడం స్పీకరు గోలే అయ్యుంటుంది, కొత్తదాంతో పోతుంది. ఆ మిగిలిన స్క్రూ దాచిపెట్టు, బావకి బహుమతిగా ఇద్దాం.

యాంటెన్నా


ఇంటి నుంచి,
ఆదివారం సాయంత్రం

అన్నయ్యా,

షోరూముకి వెళ్లొచ్చాం. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

గోడ నిండా టీవీలు. అన్నిటికీ సౌండు కట్టేసి, పైన ఎక్కడో ఏదో వాయిద్యం పెట్టారు. అత్తగారు ఎల్‌సీడీల వరస ముందు నడుస్తూ "వీళ్లెవరూ నోరు తెరిచి మాట్లాడరేం? అన్నీ నంగి మాటలే" అన్నారు. సౌండు లేదండీ అని సేల్స్‌మన్ చెప్పబోతే ఆవిడ అప్పటికే ముందుకెళ్లిపోయారు. ప్లాస్మా ముందుకొచ్చేసరికి ఆగిపోయారు. దాంట్లో ఇద్దరు పెద్దమనుషులు ఏదో చర్చ చేస్తున్నారు. ఆవిడ ఉన్నట్టుండి పకపకా నవ్వారు. "చూశావా, ఆ కళ్లజోడాయన కెమెరా తన మీద లేదనుకుని పక్కాయన్ని ఎంత మాటన్నాడో!" అన్నారు. ఏమన్నాడండీ అంటే, "పిల్ల తల్లివి, నువ్వు వినకూడదులే" అన్నారు. ఆవిడ హాస్యానికి సేల్స్‌మన్ కూడా నవ్వాడు.

తర్వాత వాడు ఎల్‌సీడీ గొప్పతనం చూపించాలని దాని సౌండు ఒక్కసారి పెంచాడు. షోరూము అదిరింది, పాప కెవ్వుమంది, జనమంతా తిరిగి చూశారు. అత్తగారు మాత్రం తల తిప్పలేదు, ప్లాస్మానే చూస్తూ నిలబడ్డారు. నచ్చని వస్తువుని కన్నెత్తి చూడకపోవడమంటే అదీ! పాపం వాడు ఎల్‌సీడీ గురించి చెప్పిందంతా చెవిటివాడి ముందు శంఖమే అయింది.

ఆవిడ తీర్పు ఒకటే. "ఈ నల్లదాంట్లో మనుషులు శుభ్రంగా మాట్లాడుతున్నారు. ఇదే కావాలి." మా ఆయన కరెంటు బిల్లు తలుచుకుని నీరసపడ్డారు. "అమ్మకి చాదస్తం మొదలైంది" అంటున్నారు. నాకు అలా అనిపించలేదు. అన్నయ్యా, ప్లాస్మాకి స్పీకర్లు అంత మంచివా?

నీ చెల్లి


షాపు నుంచి,
పని పక్కన పెట్టి

చిట్టీ,

ఈసారి వెటకారాలు లేవు. ఆ రెండు టీవీల్లో స్పీకర్లు ఇంచుమించు ఒకటే. అసలు అక్కడ సౌండే లేదన్నావు. సౌండు లేని చోట ఒకదాంట్లో మాటలు బాగున్నాయి, ఇంకోదాంట్లో బాగాలేవు అన్నారంటే, ఆవిడ దేన్ని బట్టి అంటున్నారు?

నీ ఉత్తరం చదివి షాపులో ఉన్న ఎల్‌సీడీ ఒకటి సౌండు తీసేసి పెట్టాను. వార్తలమ్మాయి నోటినే చూస్తూ కూర్చున్నాను. మాట్లాడుతుంటే పెదవుల అంచు దగ్గర సన్నటి మసక. ఇన్నేళ్ల నుంచి ఇదే పనిలో ఉన్నాను, ఎప్పుడూ కంటపడలేదు. పక్కన ప్లాస్మా పెట్టాను. పెదవులు, పళ్లు, నాలుక కొస, అన్నీ తేటగా ఉన్నాయి. మీ పాత టీవీలో కూడా చెడింది స్పీకరు కాదు, బొమ్మ.

అత్తయ్యగారు మిల్లులో పనిచేశారని మీ పెళ్లప్పుడు విన్నాను. మగ్గాల షెడ్డులోనా? అక్కడి రొదలో ఎవరి మాట ఎవరికీ వినబడదు, పెదవులు చూసి మాట్లాడుకుంటారని అంటారు. ఆవిడ వెనక నిలబడి ఒకసారి మెల్లగా పిలిచి చూడు. నా అనుమానం తప్పైతే నన్ను కడుపారా తిట్టు.

అన్నయ్య


ఇంటి నుంచి,
వంటింటి గట్టు మీద రాస్తున్నాను

అన్నయ్యా,

నిన్ను తిట్టే అదృష్టం నాకు లేదు.

వెనక నుంచి పిలిచాను, పలకలేదు. గట్టిగా పిలిచాను. చివరికి పెద్ద పళ్లెం ఆవిడ వెనకాల నేల మీద జారవిడిచాను. పక్కింటివాళ్లు ఏమైందని అడిగారు గానీ ఆవిడ కదల్లేదు. ఒక క్షణం ఆగి, నేల అదిరినట్టుందని పాదం కేసి చూసుకుని, అప్పుడు తిరిగారు. నన్ను చూసి నవ్వి "ఏం పడేశావే?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. చెవిటివాడి ముందు శంఖమని నీకు రాసిన చేతిని చూసుకుంటే సిగ్గేసింది.

మగ్గాల షెడ్డే. పెళ్లి కాకముందు నుంచి రిటైరయ్యే దాకా. అక్కడ చెవులు పోయిందెప్పుడో ఆవిడకే తెలియాలి.

ఇప్పుడు ఒక్కొక్కటే అర్థమవుతోంది. "నాతో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి నా మొహం చూసి మాట్లాడు, పక్క గదిలోంచి కేకేస్తే పలకను" అని పెళ్లైన కొత్తలోనే చెప్పారు. ఎంత మర్యాదగల ఇల్లో అని మురిసిపోయి అమ్మకి కూడా చెప్పాను. కన్నకొడుక్కే తెలియదు, అమ్మకి మర్యాద పట్టింపు అనుకునే పెరిగాడు. ఫోన్ ఎత్తరు, "ఆ గోల మీ కుర్రాళ్లకి" అంటారు. డబ్బింగు సీరియళ్లు పెడితే "ఈ దొంగ మొహాల మాటలకి తలా తోకా ఉండదు" అని మార్చేస్తారు! గోడలకి చెవులుంటాయంటారు, మా ఇంట్లో ఆ గోడల పాటి చెవులు కూడా లేకుండా ఆవిడ అందరి కంటే ఎక్కువ తెలుసుకున్నారు.

ఉయ్యాల తాడు ఆవిడ కాలి బొటనవేలికి కట్టుకుంటారు. ఊపడానికని నేను అనుకునేదాన్ని. నిన్న పాప పడుకున్నప్పుడు చూస్తూ కూర్చున్నాను. పాప ఇంకా నోరు తెరవలేదు, కాళ్లు కదిపిందంతే. తాడు వణికింది, ఆవిడ లేచి ఎత్తుకున్నారు. ఏడవక ముందే! ఎంత తెలివి అన్నయ్యా, ఎంత మెలకువ! నేను ఇరవై అడుగుల దూరంలో చెవులు పెట్టుకుని కూడా పాప ఏడ్చాకే లేస్తాను.

ఊరంతా నా గొంతు వింటుంది. ఆవిడ ఒక్కరే వినలేదు. ఆ ఆలోచనే గుండెలో ముల్లులా ఉంది.

కానీ భయంగా కూడా ఉంది. మా ఆయనకి తెలిస్తే పాపని ఆవిడ దగ్గర వదలనివ్వరు, ఏ శిశు కేంద్రంలోనో చేర్పిస్తారు. ఆవిడ ఇన్నాళ్లూ దాచింది కూడా ఇందుకేనేమో. పాప దూరమైతే ఆవిడ బతకలేరు. ఆదివారం చెప్పాలనుకుంటున్నాను. నువ్వేమంటావు?

నీ చెల్లి


షాపు నుంచి

చిట్టీ,

ఆవిడకి చేతులెత్తి మొక్కాలి, అందులో రెండో మాట లేదు. అయినా నేను పాపకి మేనమామని. ఆవిడ పొయ్యి దగ్గర అటు తిరిగి ఉన్నప్పుడు పాప ఏదైనా నోట్లో పెట్టుకుంటే? ప్రేమ వేరు, జాగ్రత్త వేరు. దాచిపెట్టి మాత్రం నువ్వు డ్యూటీలో చేరకు. బావగారికి చెప్పు, ఆయన తండ్రి. ఆయన శిశు కేంద్రం అంటే నేను కాదనలేను. కోపం తెచ్చుకోకు.

నా చేతనైనది ఒకటుంది. పాప ఏడిస్తే వెలిగే బల్బు, గుమ్మం గంట నొక్కితే వెలిగే బల్బు అమర్చగలను. గదికొకటి పెడితే ఎటు తిరిగినా కనబడుతుంది. కానీ ముందు ఆవిడ ఒప్పుకోవాలిగా, తనకి వినబడదని! నువ్వు రాసేదాకా షోరూము స్నేహితుడికి చెప్పి టీవీ ఆపి ఉంచుతాను.

అన్నయ్య


అదే ఇల్లు,
హాల్లో నా కుర్చీ నుంచి

కోడలి అన్నగారైన అబ్బాయికి ఆశీస్సులు.

కవరు మీద నీ చిరునామా చూసి రాస్తున్నాను. ఉత్తరాలేవీ విప్పలేదు, నాకా అవసరం రాలేదు. ఆదివారం నా కొడుకూ కోడలూ వరండాలోకి పోయి అద్దాల తలుపు వేసుకుని గుసగుసలు మొదలెట్టారు. గుసగుసలు నాకు వినబడవు గానీ బాబూ, భేషుగ్గా కనబడతాయి. అరిచేవాళ్ల కంటే గుసగుసలాడేవాళ్ల నోరే బాగా కదులుతుంది.

నా కొడుకు మొహం పాలిపోయింది. "అమ్మకి వినబడదా? మరి పాపని ఎలా వదులుతాం? రేపే శిశు కేంద్రంలో అడుగుతా" అన్నాడు. వాణ్ణి తప్పు పట్టను. వాడి స్థానంలో నేనున్నా అదే అంటాను. నా చెయ్యి మాత్రం పిల్ల వీపు మీద అలా ఉండిపోయింది. ఇదే ఆఖరేమో అనుకున్నాను.

అప్పుడు నీ చెల్లెలు మాట్లాడింది. అది నీకు రాసి ఉండదు, అందుకని నేను రాస్తున్నాను. "పోయిన నెల పాప పాక్కుంటూ మెట్ల అంచుకి పోయిన రోజున నేను పక్కనే ఉన్నాను. ఫోన్లో కబుర్లాడుతున్నాను. పాప నవ్వుకుంటూ పోతోంది, నేను ఆ నవ్వు వింటూనే ఉన్నాను. మొదటి మెట్టు మీదకి వంగేలోపు వచ్చి లాక్కున్నది మీ అమ్మ. నేను పాపని వింటానండీ, ఆవిడ చూస్తారు. నాకు చెవులున్నా లేని మెలకువ ఆవిడది. ఈ లోకంలో నా బిడ్డని కళ్లు మూసుకుని ఒకళ్ల చేతిలో పెట్టాలంటే ఆవిడ చేతిలోనే పెడతాను." ఒక్క ముక్క పొల్లు పోలేదు. నా ఎదుట ఇలాంటి మాటలు అది చచ్చినా అనదు. ఎదుట నిలబెడితే "భోజనం చేశారా" తప్ప రాదు దానికి.

నేను తలుపు తీసి "అయిందా మీ మాట్లాడుకోవడం?" అన్నాను.

షెడ్డులో చెవి పోయిందని తెలిస్తే మగ్గం మీద నుంచి తీసేసేవాళ్లు. అందుకే అందరం దాచేవాళ్లం, ఒకళ్లకొకళ్లం కాపు కాసుకునేవాళ్లం. అక్కడ అలవాటైన దాపరికం ఇంటి దాకా వచ్చేసింది. ఇక్కడ తీసేస్తారన్న భయం మగ్గం గురించి కాదు, ఈ పిల్ల గురించి. అది ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. నా కొడుకు నా మొహం చూసే మాట్లాడాడు, చిన్నప్పటిలాగే. నువ్వు బల్బులు చెయ్యగలవట. గదికొకటి పెట్టు, వంటింట్లో రెండు పెట్టు. అవి వెలుగుతుంటే చూశాకే వదులుతానన్నాడు. సబబే.

ఇక టీవీ. ఆ నల్లదే పంపు. ఎండకి తెర నేనే కుట్టాను, కిటికీ పూర్తిగా మూసుకుంటుంది. కరెంటు సంగతి, సౌండు వాడుకోను గదా, కాస్త కలిసొస్తుందేమో చూడు!

నీ చెల్లెలి గొంతు బాగుంటుందని స్టేషన్లో అందరూ అంటారట. నాకు తెలియదు. మాట్లాడబోయే ముందు దాని ఎడమ కనుబొమ్మ కొంచెం లేస్తుంది. అది నేను ఎంత చీకట్లోనైనా పోల్చుకుంటాను.

నీకు అత్తయ్య


షాపు నుంచి

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా ఆవిడ, నేను కలిసి చదివాం. ఆవిడ ఏడ్చింది, నా కంట్లో నలుసు పడింది. శిశు కేంద్రం అంటే కాదననని రాసినవాణ్ణి నేను. పైకి చెప్పకపోయినా మీకు తెలిసిపోతుంది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను.

టీవీ తీసుకుని నేనే వస్తున్నాను, బల్బులు నా చేత్తోనే బిగిస్తాను. ఒకటే ఛానలు రోజంతా ఉంచకండి, ప్లాస్మా తెర మీద మూలనుండే ఆ ఛానలు గుర్తు మచ్చలా అచ్చు పడుతుంది. హెచ్‌డీ బాక్సు నా వంతు, కాదనకండి. సౌండు వాడకపోతే కరెంటు కలిసొచ్చేది చాలా తక్కువండి, కానీ బావగారితో చాలా మిగులుతుందనే చెబుతాను.

ఇన్నేళ్లు టీవీలు బాగుచేసినవాణ్ణి, బొమ్మ చూడడం మీ దగ్గర నేర్చుకున్నాను. ఆ కళ్లజోడాయన ఏమన్నాడో మాత్రం నాకు చెప్పాలి.

మీ యాంటెన్నా


ఇంటి నుంచి,
డ్యూటీలో చేరిన రోజు సాయంత్రం

అన్నయ్యా,

నువ్వు బిగించిన బల్బులు బాగా పనిచేస్తున్నాయి. పక్కింటి కుక్క మొరిగినా వంటింట్లో వెలుగుతోంది. అత్తగారు దానికి కూడా లేచి చూసొస్తున్నారట. మా ఆయన పగలు రెండుసార్లు ఆఫీసు నుంచి వచ్చి గంట నొక్కి చూశారు. రెండోసారి "పనీపాటా లేదట్రా" అని తలుపు వేసేశారావిడ.

మైకు ముందు కూర్చున్నానే గానీ మనసంతా ఇక్కడే ఉంది. ఒక రైలుని వేరే ప్లాట్‌ఫారం మీదకి పంపేసి క్షమాపణ చెప్పుకున్నాను. డ్యూటీ దిగగానే పరుగున ఇంటికొచ్చి, గంట నొక్కకుండా నా తాళంతో తలుపు తీసి గుమ్మంలోనే నిలబడిపోయాను.

కిటికీకి తెర వేసి ఉంది. కొత్త టీవీలో ఏదో నాటకం నడుస్తోంది, చప్పుడు లేదు. ఎంత అందంగా ఉందనుకున్నావు బొమ్మ! ముసలాయనెవరో మాట్లాడుతుంటే గడ్డం మీద ఒక్కొక్క వెంట్రుకా కదులుతోంది. అత్తగారు అందులో పూర్తిగా మునిగిపోయారు, ఆయనతో పాటు ఆవిడ పెదవులు కూడా కదులుతున్నాయి.

పాప నేల మీద ఆడుకుంటోంది. చేతిలో బొమ్మ గిన్నె ఏదో విరిగినట్టుంది, మొహం ముడుచుకుంది. ఇప్పుడు ఏడుస్తుంది, బల్బు వెలుగుతుంది అని చూస్తున్నాను. ఏడవలేదు అన్నయ్యా. నా దగ్గరైతే ఇల్లు ఎగరగొట్టేది. లేచి, తప్పటడుగులు వేసుకుంటూ కుర్చీ దాకా వెళ్లింది. ఒళ్లోకి ఎక్కింది. రెండు చేతులతో నాన్నమ్మ బుగ్గలు పట్టుకుని, ఆ మొహాన్ని టీవీ మీద నుంచి తన వైపుకి తిప్పుకుంది. అప్పుడు, ఆవిడ కళ్లు తన మీదకి వచ్చాక, అప్పుడు మొదలెట్టింది ఫిర్యాదు. అన్నీ ముద్దముద్ద మాటలే, ఒక్క ముక్క అర్థం కాదు. చాలాసేపు చెప్పింది.

మనందరి కంటే ముందే దానికి తెలుసు. ఎవరూ చెప్పకుండానే తెలుసు.

అత్తగారు రిమోటు పక్కన పెట్టేశారు. పాప నోటి మీద నుంచి చూపు కదపకుండా అన్నారు, "చెప్పమ్మా, వింటున్నాను."

నీ చెల్లి